పాత కార్లలో నిప్పురవ్వ: ఇగ్నిషన్ భాగముల సంరక్షణ

మోటారు కారునకు పెట్రోలు ఆహారమని అందరికిని తెలియును. ఆ ఆహారము శక్తిగా మారుటకు కావలసిన నిప్పురవ్వను గురించి ఆలోచించువారు తక్కువ. సిలిండరులో అణచబడిన పెట్రోలు ఆవిరిని, గాలిని సరియైన క్షణమున ముట్టించునది ఆ రవ్వయే. దానిని పుట్టించి, వంతుల ప్రకారము ఒక్కొక్క సిలిండరునకు అందించు భాగముల సముదాయమునకే ఇగ్నిషన్ వ్యవస్థ అని పేరు. పాత కార్లలో ఈ వ్యవస్థ ఎట్లు పనిచేయును, మన ఎర్రగుంట్ల ప్రాంతపు ఎండకు దుమ్ముకు అది ఎట్లు చెడును, దానిని ఎట్లు కాపాడుకొనవలెను అను విషయములను ఈ వ్యాసమున విద్యార్థులకు వివరింపదలచినాము.

ఏ కార్లను గురించి?

హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో తయారుచేసిన అంబాసిడరు కారు 2014వ సంవత్సరము మే నెలలో ఉత్పత్తి నిలిచిపోవువరకు అర్ధశతాబ్దమునకు పైగా మన రోడ్లపై తిరిగినది. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు చేసిన ఫియట్ 1100, 1970లలో పద్మిని అను పేరు ధరించి, ఆ శతాబ్దము ముగియువరకు కొనసాగినది. ఈ రెంటి పెట్రోలు ఇంజనులును, పాత పెట్రోలు జీపులును మన వ్యాసమునకు విషయములు. ఒకే సిలిండరు గల పాత బుల్లెట్ మోటారు సైకిలులోని పాయింట్ల పనియు మూలసూత్రమున ఇట్టిదే.

డీజిలు అంబాసిడరులకు, డీజిలు జీపులకు ఈ చర్చ వర్తింపదు. డీజిలు ఇంజనులో గాలి మిక్కిలిగా అణచబడి, ఆ వేడికే నూనె అంటుకొనును. అచ్చట నిప్పురవ్వ అవసరమే లేదు. అట్లే 1990ల తరువాత వచ్చిన కార్లలో పొగకు సంబంధించిన నియమములు కఠినమైన కొలదిని పాయింట్ల స్థానమును ఎలక్ట్రానిక్ పరికరములు ఆక్రమించినవి.

నేటికిని పాత కార్లను ఉంచుకొన్నవారు కలరు. కొందరికి అది తండ్రి తాతల జ్ఞాపకము. కొందరికి పెండ్లిండ్లకు కిరాయికిచ్చు జీవనోపాధి. సొంత వాహనమునకు మొదటి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. తరువాత అయిదేసి సంవత్సరములకు పునరుద్ధరించుకొనవలెను. ఆ వేళ కారు అన్ని విధముల యోగ్యముగా ఉన్నట్లు అధికారికి చూపవలసియుండును. రవ్వ సరిగా పడని కారు కాలని పెట్రోలును పొగగొట్టము ద్వారా బయటికి నెట్టును గనుక కాలుష్య పరీక్షలో నిలువజాలదు. కనుక ఈ సంరక్షణ ముచ్చటకు మాత్రమే సంబంధించినది కాదు.

రవ్వ పుట్టు విధము

కారులోని బ్యాటరీ 12 వోల్టులది. అంత తక్కువ ఒత్తిడి గల విద్యుత్తు గాలిలో వెంట్రుక మందపు దూరమునైనను దాటజాలదు. ప్లగ్గు వద్ద రవ్వ దూకవలెనన్న వేల వోల్టులు కావలెను. 12 వోల్టులను వేలకు పెంచు ఉపాయము మైకేల్ ఫారడే 1831లో కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రముపై ఆధారపడియున్నది. మన ఇంటర్మీడియట్ భౌతిక శాస్త్ర పాఠములో విద్యార్థులు చదువుకొను సూత్రమిదే. దీనిని ఆధారముగా చేసుకొని అమెరికా దేశస్థుడైన చార్లెస్ కెటరింగ్ రూపొందించిన వ్యవస్థ 1910 నాటి కాడిలాక్ కార్లలో ప్రవేశించినది. తరువాత ఎనుబది సంవత్సరముల వరకు ప్రపంచములోని పెట్రోలు కార్లలో అధికభాగము ఆ మార్గమునే అనుసరించినవి.

ఇగ్నిషన్ కాయిల్ అను డబ్బాలో ఇనుప రేకుల కడ్డీ చుట్టు రెండు రాగితీగల చుట్లుండును. ఒకటి లావు తీగ, కొన్ని వందల చుట్లు. రెండవది సన్నని తీగ, వేల చుట్లు. బ్యాటరీ విద్యుత్తు లావు తీగలో ప్రవహించినంతసేపు కడ్డీ అయస్కాంతమై యుండును. ఆ ప్రవాహమును హఠాత్తుగా తెంచినచో అయస్కాంతత్వము కుప్పకూలి, ఆ క్షణమున సన్నని తీగలో పదివేల వోల్టులకు మించిన ఒత్తిడి పుట్టును. ప్రవాహము ఎంత త్వరితముగా తెగిన, రవ్వ అంత బలముగా ఉండును. ఈ ఒక్క వాక్యమును గుర్తుంచుకొనిన యెడల మిగిలిన వ్యాసమంతయు సులభముగా బోధపడును.

ప్రవాహమును తెంచు పని పాయింట్లది. డిస్ట్రిబ్యూటరు నడుమ తిరుగు ఇరుసుపై నాలుగు మూలలు గల ఒక క్యామ్ ఉండును. దాని మూల వచ్చినప్పుడెల్ల పాయింట్లు విడివడును. తిరుగు ఇరుసుపై ఎత్తుపల్లములుంచి మరొక భాగమును కాలానుసారముగా కదలించు ఈ క్యామ్ ఉపాయము మిక్కిలి ప్రాచీనమైనది. 1206 ప్రాంతమున తన యంత్రముల గ్రంథమును పూర్తిచేసిన అల్-జజరీ, నీటియంత్రములలో క్యాములను ఉపయోగించిన విధమును వర్ణించియున్నాడు. నాటి నీటిచక్రములోని ఉపాయమే నేటి డిస్ట్రిబ్యూటరులో మరింత వేగముతో పనిచేయుచున్నది.

ఆ వేగమెంతటిదో లెక్కించి చూతము. ఇంజను నిమిషమునకు 2,400 చుట్లు తిరుగుచుండగా డిస్ట్రిబ్యూటరు ఇరుసు దానిలో సగము, అనగా 1,200 చుట్లు తిరుగును. చుట్టునకు నాలుగు రవ్వల చొప్పున నిమిషమునకు 4,800, సెకనుకు 80 రవ్వలు పడవలెను. 40 నిమిషముల ప్రయాణములో పాయింట్లు 1,92,000 పర్యాయములు విడివడి కలియును. ఎర్రగుంట్ల నుండి కడపకు ఒకసారి వెళ్ళివచ్చునప్పటికి ఆ చిన్న లోహపు చుక్కలు లక్షల దెబ్బలు తినునన్నమాట. ఇన్ని దెబ్బలకు అరుగుట వింత కాదు. అరుగుదలను సకాలములో గుర్తింపకుండుటయే లోపము.

మన నేల, మన ఎండ

ఎర్రగుంట్ల సున్నపురాతి నేల. నాపరాయి గనులు, సిమెంటు కర్మాగారములు, ముద్దనూరు దారిలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రము, వీని నడుమ నిరంతరము తిరుగు లారీలు మన ఊరి బ్రతుకు. వీనివలన పలువురికి పని దొరకుచున్నది. దానితోపాటు సన్నని తెల్లని దుమ్ము సమస్త వస్తువులపై పొరగా పరచుకొనుచున్నది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. మూసిన బానెట్ క్రింద వేడి అంతకంటె ఎక్కువ.

ఎండిన దుమ్ము విద్యుత్తునకు అంతగా దారి ఇయ్యదు. తడిసిన దుమ్ము దారి ఇచ్చును. కనుకనే నెలల తరబడి దుమ్ము పట్టిన కారు వేసవి అంతయు బాగుగా నడిచి, తొలకరి జల్లు పడిన నాడే మొరాయించును. వాన నీటిలో దోషమేమియు లేదు. వానకు పూర్వము తుడువని దుమ్ములో ఉన్నది. ఉగాది వెళ్ళిన తరువాత ఒకసారి, తొలకరికి ముందు మరొకసారి డిస్ట్రిబ్యూటరు మూత విప్పి లోపల వెలుపల పొడిగుడ్డతో తుడుచుట మన ప్రాంతపు వారికి తప్పనిసరి నియమముగా ఉండవలెను.

పాయింట్లు

షెడ్డులలో పాయింట్లు అని పిలుచునది రెండు చిన్న లోహపు బిళ్ళల జత. ఒకటి కదలక యుండును. రెండవది ఒక చేతికి అమర్చబడి, క్యామును తాకు మడమ ద్వారా కదలును. రెండును పూర్తిగా విడివడినప్పుడు నడుమ నుండవలసిన ఎడము ముఖ్యము. లూకస్ డిస్ట్రిబ్యూటరు గల 1,489 సి.సి. అంబాసిడరునకు ఈ ఎడము అంగుళములో వేయింట 14 నుండి 16 భాగములు, అనగా 0.35 నుండి 0.40 మిల్లీమీటరు. ఇతర కార్లకు వాని పుస్తకములో చెప్పిన కొలతనే పాటింపవలెను.

కొలుచు విధమిది. ఇంజనును హ్యాండిలుతో నెమ్మదిగా త్రిప్పి, మడమ క్యాము మూల శిఖరమునకు వచ్చునట్లు చేయవలెను. ఫీలరు గేజిలోని తగిన రేకును శుభ్రముగా తుడిచి పాయింట్ల నడుమ జొనుపవలెను. రేకు స్వల్పముగా రాసుకొనుచు జారవలెను. బిగియరాదు, వదులుగా ఊగరాదు. ఎడము తప్పినచో బిగింపు మరను కొలదిగా వదలి, పలకను జరిపి, మరల బిగించి, మరల కొలువవలెను. మరను బిగించునప్పుడు పలక కదలుట సాధారణము. అందుచేత రెండవసారి కొలుచుట అలవాటు చేసుకొనవలెను.

బాగుగా పనిచేసిన పాయింట్లు బూడిదరంగుతో మెరుగు లేక యుండును. మెరుపు లేదని వానిని పారవేయరాదు. ఒక బిళ్ళపై సన్నని బొడిపె, రెండవదానిపై గుంట ఏర్పడినచో సన్నని నూనెరాతితో బొడిపెను తీసి శుభ్రపరుపవచ్చును. ఉప్పుకాగితముతో రుద్దినచో దాని రేణువులు బిళ్ళలలో ఇమిడి విద్యుత్తును అడ్డగించును. బిళ్ళలు నీలిరంగు తిరిగి కాలిపోయినచో, గుంట లోతైనచో జతను మార్చుటయే మంచిది.

క్యాముపై కొలదిగా గ్రీజు పూయవలెను. రోటరు క్రింద గల మెత్తటి ఉన్నిపై రెండు మూడు చుక్కల ఇంజను నూనె వేయవలెను. గ్రీజు లేనిచో మడమ త్వరగా అరిగి ఎడము తగ్గిపోవును. ఎక్కువైనచో ఎగిరి బిళ్ళలపై పడి, కాలి నల్లని పొరయగును. మన దుమ్ములో ఎక్కువ గ్రీజు మరియొక హాని చేయును. ఇసుక రేణువులను పట్టి ఆకురాయివలె మడమను అరగదీయును. ఉలవగింజంత చాలును.

కండెన్సరు

పాయింట్లు విడివడునప్పుడు ప్రవాహము వెంటనే ఆగక, ఆ ఎడములో రవ్వగా దూకుటకు యత్నించును. అట్లు దూకినచో ప్రవాహము నెమ్మదిగా తెగును. ప్లగ్గు వద్ద రవ్వ బలహీనమగును. బిళ్ళలును కాలిపోవును. పాయింట్లకు జతగా ఉండు కండెన్సరు ఆ క్షణపు విద్యుత్తును తనలోనికి తీసుకొని ఈ అనర్థమును వారించును. దాని సామర్థ్యము సుమారు 0.2 మైక్రోఫారాడు.

క్రొత్త పాయింట్లు వేసిన కొలది దినములకే కాలిపోవుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. పాయింట్లు విడివడునప్పుడు వాని నడుమ పెద్ద రవ్వ కనబడుటయు దాని లోపమునకే గుర్తు. ఎర్తు చెడినను ఇదే లక్షణము కనబడును గనుక, మొదట దానిని పట్టియుంచు మరను విప్పి, తుప్పు గీకి, బిగించి చూడవలెను. అప్పటికిని మారనిచో మంచిదని తెలిసిన మరొక కండెన్సరును పెట్టి పరీక్షించుట సులభమైన పద్ధతి.

కాయిల్

కాయిలులోని లావు తీగకు సుమారు 3 ఓముల నిరోధముండును. 12 వోల్టులను 3 చేత భాగించిన 4 ఆంపియర్లు. అనగా 48 వాట్ల వేడి. ఇంజను తిరుగుచున్నప్పుడు పాయింట్లు మాటిమాటికి విడివడుటచే ఈ వేడి తగ్గును. ఇంజను ఆగియుండి, తాళము మాత్రము త్రిప్పియుండి, పాయింట్లు కలిసిన స్థితిలో నిలిచినచో కాయిలు ఎడతెగక కాగును. రేడియో వినుటకని తాళము త్రిప్పియుంచి గంటల కొలది కూర్చొనువారు దీనిని గమనింపవలెను. కాయిలు తలపై పగుళ్ళు, నల్లని చారలు ఉన్నవేమో చూచుట, తీగల మొనలను గట్టిగా బిగించుట తప్ప దీనికి వేరు సేవ లేదు.

వేసవిలో తరచుగా కనబడు ఒక వింత కలదు. కారు మధ్యాహ్నపుటెండలో నడిచి నడిచి ఆగిపోవును. అరగంట నీడన నిలిపిన మరల కదలును. దీనికి రెండు కారణములుండవచ్చును. కాయిలు గాని కండెన్సరు గాని వేడికి లోపల తెగి, చల్లబడిన తరువాత మరల కలియుట ఒకటి. పెట్రోలు గొట్టములోనే ఆవిరియై పంపునకు అందకుండుట రెండవది. కారు ఆగిన ఆ క్షణముననే రవ్వను పరీక్షించినచో తీర్పు దొరకును. రవ్వ లేనిచో మొదటి కారణము. బలమైన రవ్వ ఉన్నచో రెండవది. చల్లబడువరకు ఆగి పరీక్షించినచో రెండును బాగుగానే కనబడును, రోగము దాగిపోవును.

మూత, రోటరు, తీగలు

కాయిలులో పుట్టిన అధిక ఒత్తిడి విద్యుత్తు డిస్ట్రిబ్యూటరు మూత నడుమ నున్న చిన్న బొగ్గు కడ్డీ ద్వారా రోటరునకు, రోటరు నుండి వరుసగా నాలుగు తీగలకు చేరును. ఈ బొగ్గు కడ్డీ స్ప్రింగుతో లోపలికి బయటికి స్వేచ్ఛగా కదలవలెను. అది అరిగినను విరిగినను రవ్వ అనవసరముగా ఒక అడ్డంకిని దూకవలసి వచ్చును.

మూత లోపల జుట్టువంటి నల్లని గీతలు కనబడినచో అవి విద్యుత్తు దొంగచాటుగా పోవుచున్న దారులని గ్రహింపవలెను. ఒకసారి ఏర్పడిన బొగ్గుదారి తుడిచిన పోదు, మూతను మార్చవలసినదే. ఇచ్చట ఒక చిన్న హెచ్చరిక. తీగల సంఖ్యలను గుర్తించుటకు మూతపై పెన్సిలుతో వ్రాయువారు కలరు. పెన్సిలు ముల్లు గ్రాఫైటు, గ్రాఫైటు విద్యుద్వాహకము. చేతులారా బొగ్గుదారిని గీచినట్లగును. గుర్తులకు రంగును గాని, సంఖ్యలు వ్రాసిన గుడ్డపట్టీని గాని వాడవలెను.

తీగలను మార్చునప్పుడు రవ్వల వరుసను తప్పరాదు. అంబాసిడరునకును ఫియట్ 1100 నకును ఈ వరుస 1, 3, 4, 2. ఒక్కొక్క తీగను విప్పి, తుడిచి, దాని స్థానమున బిగించిన తరువాతనే రెండవదానిని ముట్టుట క్షేమము. తీగల పైపొర ఎండకు పగిలినదో లేదో తెలిసికొనుటకు చీకటిలో బానెట్ ఎత్తి, ఇంజనును నడిపి, ముట్టుకొనక చూడవలెను. పగిలినచోట నీలి మెరుపులు కనబడును.

స్పార్కు ప్లగ్గులు

ప్లగ్గును ఇంజను నాలుక అనవచ్చును. వైద్యుడు రోగి నాలుకను చూచునట్లు మెకానిక్ ప్లగ్గు మొనను చూచును. లేత గోధుమరంగు ఉన్నచో ఆరోగ్యము. పొడి మసి పట్టినచో పెట్రోలు ఎక్కువగా వచ్చుటయో, రవ్వ బలహీనమగుటయో కారణము. నూనెతో తడిసియున్నచో పిస్టను రింగులో, వాల్వు గైడులో అరిగినవి. తెల్లబడి పొక్కులెక్కినచో ఇంజను మితిమీరి కాగుచున్నది. నాలుగు ప్లగ్గులను విప్పి వరుసగా ఒక కాగితముపై ఉంచి పోల్చుట మంచి అలవాటు. మూడు ఒక రంగున ఉండి ఒకటి వేరుగా ఉన్నచో దోషము ఆ సిలిండరులోనే ఉన్నది.

అంబాసిడరునకు ప్లగ్గు ఎడము అంగుళములో వేయింట 25 భాగములు, సుమారు 0.63 మిల్లీమీటరు. సరిచేయునప్పుడు ప్రక్క కొక్కెమును మాత్రమే వంచవలెను. నడిమి ముల్లును వంచినచో దాని చుట్టు గల పింగాణి పగులును. 5,000 కిలోమీటర్లకు ఒకసారి శుభ్రపరచి కొలుచుట, 15,000 కిలోమీటర్ల ప్రాంతమున మార్చుట సాధారణ నియమము. దుమ్ము నేలలో ప్లగ్గును విప్పుటకు ముందు దాని చుట్టు గుంటలోని మట్టిని ఊదివేయవలెను. లేనిచో అది నేరుగా సిలిండరులోనికి జారును.

విప్పిన ప్లగ్గును ఇంజనుపై ఆనించి చూడగా రవ్వ పడుచున్నదే, అయినను ఆ సిలిండరు ఎందుకు పనిచేయుట లేదని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. వెలుపలి గాలిలో ఆ ఎడమును దాటుటకు రెండు మూడు వేల వోల్టులు చాలును. సిలిండరులో ఏడెనిమిది రెట్లు అణచబడిన మిశ్రమములో అదే ఎడమును దాటుటకు అంతకు అనేక రెట్లు కావలెను. బలహీనమైన రవ్వ బయట వెలిగి లోపల ఆరిపోవును. బయటి పరీక్షలో రవ్వ కనబడినదన్న మాత్రమున నమ్మరాదు. అది లావుగా, నీలముగా, చిటపట ధ్వనితో ఉన్నదా అని పరిశీలింపవలెను.

టైమింగు

రవ్వ పడుట ఎంత ముఖ్యమో, సరియైన క్షణమున పడుట అంత ముఖ్యము. మిశ్రమము పూర్తిగా కాలుటకు కొంత వ్యవధి పట్టును గనుక పిస్టను పైకి చేరుటకు కొంచెము ముందుగనే రవ్వ పడవలెను. మరీ ముందుగా పడినచో ఇంజను ఎత్తులపై టకటకమని కొట్టుకొనును. దీనినే నాకింగ్ అందురు. ఆలస్యముగా పడినచో శక్తి తగ్గి, వేడి నీటిలోనికి, పొగగొట్టములోనికి పోవును. వేసవిలో రేడియేటరు మరుగుచున్నదని దానిని మాత్రమే విప్పి కడుగువారు టైమింగును కూడ చూచుట మంచిది.

పాయింట్ల ఎడమునకును టైమింగునకును గల సంబంధమును చాలమంది గుర్తింపరు. మడమ అరిగి ఎడము తగ్గినచో పాయింట్లు ఆలస్యముగా విడివడును, రవ్వ ఆలస్యమగును. ఎడము పెరిగినచో రవ్వ ముందగును. కావున మొదట ఎడమును సరిచేసి, తరువాతనే టైమింగును చూడవలెను. ఈ వరుసను తారుమారు చేసినవారికి రెండు పనులును వ్యర్థము.

టైమింగును చూచుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. ఒక చిన్న 12 వోల్టుల బల్బు చాలును. దాని ఒక తీగను డిస్ట్రిబ్యూటరు ప్రక్క గల సన్న తీగ మొనకు, రెండవ తీగను ఇంజను లోహమునకు తగిలించి, తాళము త్రిప్పి, ఇంజనును చేతితో నెమ్మదిగా త్రిప్పవలెను. పాయింట్లు విడివడిన క్షణమున బల్బు వెలుగును. ఆ క్షణమున కప్పీపై గల గుర్తు పుస్తకములో చెప్పిన స్థానమునకు ఎదురుగా ఉండవలెను. ముందు వెనుకలున్నచో డిస్ట్రిబ్యూటరు బిగింపును వదలి, దానిని కొలదిగా త్రిప్పి సరిచేయవలెను.

వేగము పెరిగిన కొలది రవ్వను ముందుకు జరుపుటకు డిస్ట్రిబ్యూటరులో స్ప్రింగులతో కూడిన చిన్న బరువులుండును. రోటరును తిరుగు దిశలో చేతితో త్రిప్పి వదలినచో అది వెనుకకు దూకవలెను. వెలుపల గల డబ్బాలోని పొర చినిగినచో పెట్రోలు ఖర్చు పెరుగును. కార్బురేటరు నుండి వచ్చు సన్నగొట్టమును ఆ చివర విప్పి నోటితో పీల్చినచో పాయింట్ల పలక కదలవలెను. కదలనిచో పొర చినిగినదని గాని, పలక పట్టివేసినదని గాని అర్థము.

కారు ఆగిన వేళ

దారిలో కారు ఆగినప్పుడు తోచిన భాగమును మార్చుట మన దేశమున పరిపాటి అయినది. మొదట ప్లగ్గులు, అవి కాకపోయిన కాయిలు, అదియు కాకపోయిన డిస్ట్రిబ్యూటరు. డబ్బు ఖర్చగును గాని కారణము తెలియదు. విద్యుత్తు నడుచు దారి వెంబడి నడచినచో కారణము తానే ఎదురుపడును.

మొదట హెడ్ లైట్లు వెలిగించి బ్యాటరీని, దాని ఎర్తును చూడవలెను. రెండవది, తాళము త్రిప్పి, పరీక్షా బల్బుతో కాయిలునకు విద్యుత్తు చేరుచున్నదో లేదో చూడవలెను. మూడవది, డిస్ట్రిబ్యూటరు మొనవద్ద బల్బు పాయింట్లు విడివడినప్పుడు వెలిగి, కలిసినప్పుడు ఆరుచున్నదో లేదో గమనింపవలెను. ఎప్పుడును ఆరనిచో పాయింట్లపై మసి. ఎప్పుడును వెలుగనిచో పాయింట్ల తీగ గాని, కండెన్సరు గాని లోపల ఎర్తును తాకుచున్నది, లేదా కాయిలు తెగినది. నాలుగవది, కాయిలు నుండి మూతకు వచ్చు లావు తీగను విప్పి, దాని మొనను బాగుగా తొడుగు గల పటకారుతో ఇంజను లోహమునకు అయిదారు మిల్లీమీటర్ల దూరమున పట్టి, ఇంజనును త్రిప్పించి రవ్వను చూడవలెను. ఇచ్చట మంచి రవ్వ ఉండి ప్లగ్గుల వద్ద లేనిచో దోషము మూతలోనో, రోటరులోనో, తీగలలోనో ఉన్నది. చివరిది ప్లగ్గులు. ఈ అయిదు మెట్లకు పావుగంట చాలును.

ఈ పరీక్షలలో జాగ్రత్త ముఖ్యము. లావు తీగను వట్టిచేతితో పట్టరాదు. ఆ దెబ్బకు ఉలికిపడి చేయి తిరుగుచున్న ఫ్యానులో పడవచ్చును. గుండెజబ్బు గలవారికి మరింత ప్రమాదము. పెట్రోలు కారుచున్న చోట, ప్లగ్గు రంధ్రము ప్రక్కన రవ్వను పరీక్షింపరాదు.

విడిభాగములు, క్రొత్త పరికరములు

మద్రాసు పాడిలో 1961లో నెలకొన్న లూకస్ టి.వి.యస్., బెంగుళూరులో 1951లో నెలకొని తరువాత 2008లో బాష్ అను పేరు పొందిన మైకో సంస్థ, మన దేశపు కార్ల విద్యుత్ భాగములకు చిరకాలము పెట్టని కోటలుగా నిలిచినవి. పాత కార్లు నిలిచిపోయిన తరువాత అంగళ్ళలో పేరుపొందిన డబ్బాలను అనుకరించిన నాసిరకపు సరుకును కనబడుచున్నది. దాని మడమ మెత్తనిది, త్వరగా అరుగును. తీసివేసిన పాత భాగము ఇంకను పనిచేయునదైనచో శుభ్రపరచి డిక్కీలో దాచుకొనుట వివేకము.

పాయింట్లకు బదులుగా డిస్ట్రిబ్యూటరు లోపలనే అమర్చుకొను ఎలక్ట్రానిక్ పరికరములు లభించుచున్నవి. వానిలో అరుగు మడమ లేదు. ఎడమును సరిచేయు పని లేదు. అవి మంచివే. మూత, రోటరు, తీగలు, ప్లగ్గులు మాత్రము పూర్వమువలెనే యుండును గనుక దుమ్ము తుడుచు బాధ్యత తప్పదు. అది దారిలో చెడినచో రాతితో రుద్ది నడిపించు వీలు లేదు గనుక పాత పాయింట్ల పలకను వెంట ఉంచుకొనుట మేలు. మన దేశమున 2023 నుండి 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము మొదలై వ్యాపించినది. ఇథనాలు వలన పాత కార్బురేటరులో మిశ్రమము కొంత పలుచబడును. పలుచని మిశ్రమమును ముట్టించుటకు రవ్వ మరింత బలముగా ఉండవలెను. కనుక ఈ భాగముల ఆరోగ్యము నేడు పూర్వముకంటె ఎక్కువ అవసరము.

ఉస్తాదు, పుస్తకము

మన ప్రాంతపు మోటారు షెడ్డులలో ఉస్తాదు వద్ద షాగిర్దుగా చేరి పని నేర్చుకొను సంప్రదాయము కలదు. అట్టి పిల్లలలో మన సమాజమునకు చెందినవారు ఎందరో ఉన్నారు. వారి చెవికి ఇంజను ధ్వనిలోని తేడా తెలియును. వారి వ్రేళ్ళకు పాయింట్ల ఎడము రేకు లేకుండగనే తెలియును. అయినను కండెన్సరు ఎందుకున్నదని అడిగినచో చెప్పజాలనివారు కలరు. మరియొకవైపు మన తరగతిగదిలో ఫారడే సూత్రమును తప్పులేకుండ అప్పగించు విద్యార్థి, ఆ సూత్రము తాను ఎక్కివచ్చిన వాహనములో సెకనుకు ఎనుబది సార్లు పనిచేయుచున్నదని ఎరుగడు. ఒకరికి చేయి కలదు, కారణము లేదు. మరొకరికి కారణము కలదు, చేయి లేదు. ఈ రెంటి నడుమ గల ఎడమును ఏ ఫీలరు గేజియు కొలువజాలదు.

పాత కార్లను చక్కగా ఎరిగిన ఉస్తాదులు వృద్ధులగుచున్నారు. క్రొత్త వాహనములకు కంప్యూటరు తగిలించి దోషమును చదువు కాలమిది. పాత విద్య వారితోనే ముగియనున్నది. దానిని పదిలపరచుట పాత ఇనుముపై మమకారము వలన కాదు. కారణమును వరుసగా వెదకు ఆ పద్ధతి మోటారు పంపునకును, ఇంటి ఇన్వర్టరునకును, రేపటి విద్యుత్ వాహనమునకును సమానముగా పనికివచ్చును.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటి. తుక్కు అంగడిలో లభించు ఒక పాత డిస్ట్రిబ్యూటరు, ఒక కాయిలు, నాలుగు ప్లగ్గులు, ఒక 12 వోల్టుల బ్యాటరీ తెచ్చి బల్లపై బిగించినచో భౌతిక శాస్త్ర ప్రయోగశాలకు చక్కని ఉపకరణమగును. చేతితో త్రిప్పగా నాలుగు ప్లగ్గులు వరుసగా మెరయుట కన్నులార చూచిన విద్యార్థి ఆ పాఠమును మరువడు. సంవత్సరమునకొకసారి ఊరిలోని ఒక పెద్ద ఉస్తాదును ఆహ్వానించి, ఆ బల్లవద్ద ఒక పూట చెప్పించుట ఆయనకు గౌరవము, మనకు లాభము. ఉర్దూలో చెప్పినను తెలుగులో చెప్పినను నిప్పురవ్వ ఒక్కటే గదా.

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతియే. మీ ఇంటనో, మీ వీథినో ఒక పాత కారు ఉన్నచో ఈ సెలవులలో దాని మూతను ఒకసారి విప్పి, దుమ్ము తుడిచి, పాయింట్ల ఎడమును కొలిచి చూడుడు. తెలియనిచోట షెడ్డులోని పెద్దలను అడుగుడు. వారికి తెలియని కారణమును మీ పుస్తకము నుండి వారికి వినయముతో చెప్పుడు.